మెదడును మనిషి అర్థం చేసుకున్న తీరు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు ఎక్కడివి?

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపున ఉండే కొన్ని తెలుగు కుటుంబాలు నెలకొక ఆదివారం కలుసుకుంటాయి. ఆ కూటమిలో మెదడు శాస్త్ర చరిత్ర గురించి నేను మాట్లాడినప్పుడల్లా పెద్దలూ పిల్లలూ అడిగిన ప్రశ్నల్లో మళ్లీ మళ్లీ వచ్చినవాటికి ఇక్కడ జవాబులు రాశాను. ఇది వైద్య సలహా కాదు. మెదడు గురించి పూర్వులు ఏమనుకున్నారు, అలా ఎందుకు అనుకున్నారు, ఆ అభిప్రాయం ఎలా మారింది అన్నంత వరకే ఇందులోని విషయం. ఒక భావన తప్పా ఒప్పా అన్నదాని కన్నా, అది ఎవరి చేతనైనా ఒక ప్రయోగం చేయించిందా అన్నదే నాకు ముఖ్యంగా తోస్తుంది కనుక జవాబుల్లో ఆ మొగ్గు కనిపిస్తుంది.

మెదడుతోనే ఆలోచిస్తామని మనుషులకు ఎప్పుడు తెలిసింది?

ఫలానా సంవత్సరమని చెప్పడానికి వీలు లేదు, ఎందుకంటే ఆ సంగతి ఒకసారి తెలిసి, మరుగున పడి, మళ్లీ తెలిసింది. మెదడుకు ఒక పేరు పెట్టి రాసిన మొట్టమొదటి పత్రం ఈజిప్టుకు చెందినది. ఎడ్విన్ స్మిత్ పపైరస్ అని పిలిచే ఆ పత్రాన్ని క్రీ.పూ. 1600 ప్రాంతంలో అంతకన్నా పాత మూలం నుంచి నకలు తీశారు. అందులో 48 మంది క్షతగాత్రుల వివరాలున్నాయి. తలకు దెబ్బ తగిలితే కాళ్లూ చేతులూ, మాటా దెబ్బతినడం ఆ వైద్యుడు గమనించాడు. అయినా అదే దేశంలో శవాన్ని మమ్మీగా మార్చేటప్పుడు మెదడును ముక్కు గుండా కొక్కెంతో లాగి పారవేసి, గుండెను మాత్రం భద్రంగా ఉంచేవారు.

గ్రీకు ప్రపంచంలో, దక్షిణ ఇటలీలోని క్రోటోన్ నగరానికి చెందిన ఆల్క్మయాన్ క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఇంద్రియాలన్నీ మెదడుకే చేరుతాయని చెప్పాడు. హిప్పోక్రటీస్ సంప్రదాయంలోని వైద్యులు మూర్ఛరోగం దేవతల ఆగ్రహం కాదనీ, అది మెదడుకు వచ్చే జబ్బనీ రాశారు.

మరి అరిస్టాటిల్ అంతటివాడు గుండె అని ఎందుకు అన్నాడు?

ఆయన చూసినదాన్ని బట్టే అన్నాడు. గుడ్డులో పిల్ల తయారయ్యేటప్పుడు ముందుగా కదిలేది గుండె. గుండె వేడిగా ఉంటుంది, భయపడితే దడదడలాడుతుంది. బయటపడిన మెదడును తాకి చూస్తే అది చల్లగా ఉంటుంది, తాకినట్టు ఆ జీవికి తెలియదు. అందువల్ల గుండె నుంచి వచ్చే రక్తపు వేడిని చల్లార్చడమే మెదడు పని అని ఆయన తేల్చాడు. బుర్ర వేడెక్కిందంటూ మాడున ఆముదం పెట్టే మన అమ్మమ్మలకు ఈ మాట వింతగా తోచదు.

మెదడుకు స్పర్శ తెలియదన్న పరిశీలన నిజమే. దాని నుంచి తీసిన నిర్ణయమే తప్పు. ఆ నిజమే 20వ శతాబ్దంలో మాంట్రియల్ శస్త్రవైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్‌కు ఉపయోగపడింది. రోగి మెలకువగా ఉండగానే ఆయన మెదడు పైపొరను అక్కడక్కడా విద్యుత్తుతో తాకి, ఎక్కడ తాకితే వేలు కదులుతుందో, ఎక్కడ తాకితే పెదవికి తిమ్మిరి ఎక్కుతుందో పటం గీశాడు. మన దేశంలో తొలి న్యూరోసర్జరీ విభాగాన్ని 1949లో వెల్లూరులో ప్రారంభించిన డాక్టర్ జేకబ్ చాండీ ఆ మాంట్రియల్‌లోనే శిక్షణ పొందినవారు.

మన ఆయుర్వేద గ్రంథాలకు ఇదంతా ముందే తెలుసని అంటారు. నిజమేనా?

ఈ ప్రశ్న రాని ఆదివారం లేదు. అడిగేవారిలో కొందరు అవునని వినాలనుకుంటారు, కొందరు కాదని. గ్రంథాలను తెరిచి చూస్తే రెండు పక్షాలకూ సగం సగమే తృప్తి కలుగుతుంది.

చరక సంహిత సూత్రస్థానం 17వ అధ్యాయం శిరస్సును ప్రాణాలకూ సకల ఇంద్రియాలకూ ఆశ్రయమైన ఉత్తమాంగమని వర్ణిస్తుంది. అదే గ్రంథం 30వ అధ్యాయంలో విజ్ఞానం, ఇంద్రియాలు, ఆత్మ, మనస్సు హృదయాన్ని ఆశ్రయించి ఉన్నాయని చెబుతుంది. సుశ్రుతుడు కూడా చైతన్యానికి హృదయాన్నే స్థానంగా చెప్పాడు. వీటి కన్నా ఆసక్తికరమైనది భేల సంహిత. తంజావూరు రాజుల గ్రంథాలయంలో దొరికిన అసంపూర్ణమైన తాళపత్ర ప్రతి వల్లనే అది ప్రధానంగా మనకు మిగిలింది. అందులో మనస్సు శిరస్సుకూ అంగిలికీ నడుమ ఉంటుందని స్పష్టంగా ఉంది, చిత్తానికి మాత్రం హృదయమే స్థానం. అంటే గ్రీకులలో జరిగినట్టే మన దగ్గర కూడా తల పక్షమూ గుండె పక్షమూ రెండూ ఉండేవి.

తేడా ఎక్కడ వచ్చిందంటే, ఆ వాదాన్ని ప్రయోగంతో తేల్చుకునే ప్రయత్నం మన గ్రంథాల్లో కనిపించదు. శవపరీక్ష పద్ధతిని సుశ్రుతుడు వివరించాడు: కళేబరాన్ని గడ్డితో చుట్టి, పంజరంలో ఉంచి, పారే నీటిలో 7 రాత్రులు నానబెట్టి, మెత్తబడిన తరువాత కుంచెలాంటి దానితో పొర పొరగా రుద్ది చూడాలి. చర్మం, కండ, ఎముక తెలుసుకోవడానికి అది గొప్ప ఉపాయం. కానీ శరీరంలో అన్నిటికన్నా ముందుగా కుళ్లిపోయే అవయవాల్లో మెదడు ఒకటి. 7 రాత్రుల తరువాత పుర్రెలో చూడడానికి ఏమి మిగిలి ఉంటుంది? మన వైద్యులకు మెదడు నిర్మాణంపై ఆసక్తి లేకపోవడానికి తెలివి తక్కువ కావడం కారణం కాదనీ, వారి పద్ధతికి అది చిక్కలేదనీ నా అభిప్రాయం.

‘నరం’ అంటే ఏమిటి? రక్తనాళమా, నాడా?

వాడుక తెలుగులో సూది గుచ్చేదీ నరమే, బెణికేదీ నరమే, మెదడు నుంచి వచ్చేదీ నరమే. ఇందుకు మనం సిగ్గుపడనక్కరలేదు, గ్రీకులో ‘న్యూరాన్’ అనే మాటకు కూడా మొదటి అర్థం కండను ఎముకకు కట్టే స్నాయువే. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో మానవ శవాలను కోసి చూసిన హెరోఫిలస్, ఎరాసిస్ట్రాటస్ ఈ మూడింటినీ విడదీశారు. కదలికకు కొన్ని, స్పర్శకు కొన్ని నాడులు వేరుగా ఉన్నాయని గుర్తించినదీ వారే.

వారి తరువాత నాలుగు శతాబ్దాలకు గేలన్ వచ్చాడు. పెర్గమ్‌లో గ్లాడియేటర్ల (జనం ఎదుట ఆయుధాలతో పోరాడే యోధుల) గాయాలకు కట్లు కట్టి అనుభవం గడించి, రోముకు చేరిన వైద్యుడాయన. మాట పుట్టేది గుండె నుంచేనని వాదించే తాత్త్వికుల నోరు మూయించడానికి ఆయన నలుగురి ఎదుట ఒక పందిని కట్టి పడుకోబెట్టి, అది అరుస్తుండగా గొంతుకు వెళ్లే సన్నని నాడులను కోశాడు. పంది పెనుగులాడుతూనే ఉంది, గుండె కొట్టుకుంటూనే ఉంది, అరుపు మాత్రం ఆగిపోయింది. క్రూరమైన ప్రదర్శనే, కాదనను. అయితే గుండె పక్షానికి ఎదురైన తొలి ప్రయోగాత్మక సాక్ష్యం అదే.

మెదడులో జ్ఞాపకానికి ఒక గది, ఊహకు ఒక గది అన్న సిద్ధాంతం వెయ్యేళ్లకు పైగా ఎలా నిలిచింది?

మెదడు మధ్యలో ద్రవం నిండిన ఖాళీలు ఉంటాయి. 4వ శతాబ్దం చివర్లో నెమీసియస్ అనే బిషప్పు ముందు గదికి ఊహను, నడిమి గదికి ఆలోచనను, వెనుక గదికి జ్ఞాపకాన్ని పంచిపెట్టాడు. అరబ్బు, పారశీక వైద్యులు, వారిలో ఇబ్న్ సీనా, ఈ ఏర్పాటును మరింత సూక్ష్మంగా విభజించారు. గేలన్ చెప్పిన ‘ప్రాణవాయువు’ (నేటి ఆక్సిజన్ కాదు) వంటి సూక్ష్మ ద్రవ్యం ప్రవహించడానికి ఖాళీ కావాలి గనుక గదుల లెక్క చక్కగా కుదిరింది. మెత్తటి గుజ్జులాంటి మెదడు కన్నా గదులే గౌరవనీయంగా కనిపించాయి కూడా.

1543లో శరీర నిర్మాణ శాస్త్రవేత్త వెసాలియస్ ఈ గదుల మీద సూటిగా ఒక ఆక్షేపణ చేశాడు. గొర్రె వంటి జంతువులకు కూడా ఇవే గదులున్నాయి, మరి వాటికి మనిషి బుద్ధి ఎందుకు లేదని ఆయన అడిగాడు. 1664లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన థామస్ విల్లిస్ దృష్టిని గదుల నుంచి మెదడు పదార్థం వైపు తిప్పాడు. ఆయన పుస్తకానికి బొమ్మలు గీసినవారిలో తరువాతి కాలంలో లండన్ సెయింట్ పాల్ చర్చిని నిర్మించిన క్రిస్టఫర్ రెన్ ఉన్నాడు.

మెదడును యంత్రంతో పోల్చడం ఎవరు మొదలుపెట్టారు?

ఆ పోలికకు బలమిచ్చినవాడు 17వ శతాబ్దపు ఫ్రెంచి తాత్త్వికుడు డెకార్ట్. ఫ్రాన్సు రాజోద్యానాల్లో నీటి ఒత్తిడితో కదిలే బొమ్మలుండేవి. నడిచేవారు ఒక పలకపై అడుగు వేయగానే లోపలి గొట్టాల్లో నీరు మళ్లి బొమ్మ లేచేది. నాడులు అలాంటి గొట్టాలనీ, వాటిలో ప్రాణద్రవం ప్రవహించి కండను ఉబ్బిస్తుందనీ, ఆత్మ మెదడు నడుమనున్న పీనియల్ గ్రంథి దగ్గర కూర్చుని ఆ ప్రవాహాన్ని మళ్లిస్తుందనీ ఆయన ఊహించాడు.

ఇది శుద్ధ తప్పు. కానీ పరీక్షించడానికి వీలైన తప్పు. కండ ఉబ్బుతుందంటే దాని పరిమాణం పెరగాలి కదా! డచ్చి దేశస్థుడు స్వామర్‌డామ్ కప్ప కండను గాజు గొట్టంలో మూసి, సన్నని మూతి దగ్గర ఒక నీటిబొట్టు నిలిపి, నాడిని కదిపాడు. కండ ముడుచుకున్నది గాని నీటిబొట్టు పైకి లేవలేదు. శతాబ్దాల ప్రాణద్రవాన్ని ఒక్క నీటిబొట్టు కొట్టివేసింది.

నాడుల్లో విద్యుత్తు ఉందని ఎలా తెలిసింది?

బొలోన్యాలో గాల్వానీ కప్ప కాళ్లపై చేసిన ప్రయోగాలను 1791లో ప్రకటించాడు. ఆ విద్యుత్తు జంతువుదేనని ఆయన, రెండు వేర్వేరు లోహాలు తాకడం వల్ల పుట్టిందని వోల్టా వాదించుకున్నారు. ఆ వాదం నుంచే 1800లో వోల్టా బ్యాటరీ పుట్టింది. ఇద్దరిలో ఎవరూ పూర్తిగా ఓడలేదు.

1850లో హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నాడిలో సంకేతం వేగాన్ని కొలిచాడు. అది కొలవడానికి వీలుకానంత వేగమని ఆయన గురువు యోహానెస్ ముల్లర్ భావించేవాడు. తీరా చూస్తే సెకనుకు 30 మీటర్ల చుట్టుపక్కల తేలింది, అంటే బెంగళూరు–చెన్నై మార్గంలో పరుగెత్తే రైలుకు దగ్గరి వేగం. తీగలో విద్యుత్తు వెళ్లే వేగం ముందు ఇది నత్తనడక. కాబట్టి నాడి ఉత్త తీగ కాదని ఆనాడే అర్థమై ఉండాలి, అయినా టెలిగ్రాఫ్ పోలిక అప్పటికే అందరి నోటా నానింది. నాడి పొర గుండా సోడియం, పొటాషియం అయాన్లు లోపలికీ బయటికీ కదలడం వల్ల ఆ సంకేతం ముందుకు సాగుతుందని 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ సమీకరణాలతో సహా చూపారు.

తల మీద బుడిపెలను బట్టి గుణాలు చెప్పే విద్య పూర్తిగా మోసమేనా?

బుడిపెలు తడిమి జాతకం చెప్పడం వరకు మోసమే, మన సాముద్రికానికి ఐరోపా తోబుట్టువు అనుకోవచ్చు. కానీ దాని మూలపురుషుడైన గాల్‌ను అంత తేలికగా కొట్టిపారేయలేము. మనసు శక్తులన్నీ మెదడు పైపొరలో వేర్వేరు చోట్ల ఉంటాయని ఆయన గట్టిగా పట్టుబట్టాడు. 27 శక్తులని లెక్క కూడా చెప్పాడు. ఆ జాబితా కల్పితం, పుర్రె ఆకారం మెదడు బలాన్ని చూపుతుందన్న ఊహ తప్పు. ఫ్రాన్సులో ఫ్లోరెన్స్ అనే శాస్త్రవేత్త పావురాల వంటి జీవుల మెదడు భాగాలు తొలగించి, పైపొరలో అలాంటి విభజన ఏదీ లేదని ప్రకటించి గాల్ పరువు తీశాడు.

ఇందులోని తమాషా ఏమిటంటే, పద్ధతిగా ప్రయోగం చేసిన ఫ్లోరెన్స్ తప్పు ముగింపుకు చేరాడు, ఊహలు అల్లిన గాల్ ప్రశ్న సరైనదిగా తేలింది. 1861లో పారిస్ ఆసుపత్రిలో లెబోర్న్య అనే రోగి మరణించాడు. ఏ ప్రశ్న అడిగినా ‘టాన్’ అనే ఒక్క శబ్దమే పలికేవాడు గాని, ఎదుటివారు చెప్పింది చాలావరకు అర్థం చేసుకునేవాడు. బ్రోకా ఆయన మెదడును పరీక్షించగా ఎడమ వైపు ముందు భాగంలో దెబ్బతిన్న చోటు కనిపించింది. 1874లో వెర్నికే మరొక చోటును గుర్తించాడు. అక్కడ దెబ్బతింటే మాట ధారాళంగా వస్తుంది, కానీ అర్థం ఉండదు, ఇతరుల మాట తలకెక్కదు. బ్రోకా ఆ మెదడును ముక్కలు చేయకుండా నిలవ ఉంచాడు గనుక, శతాబ్దం దాటాక దాన్ని స్కాన్ చేసి చూశారు. దెబ్బ ఆయన అనుకున్నదాని కన్నా చాలా లోతుకు పాకిందని తెలిసింది. ఒక పనికి ఒకే చోటు అన్న లెక్క అప్పుడు మరి కాస్త సడలింది.

న్యూరాన్ల (నాడీకణాల) సంగతి ఎప్పుడు బయటపడింది?

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. 19వ శతాబ్దంలో సూక్ష్మదర్శినిలో చూస్తే మెదడు ఒక చిక్కుపడిన జడలా కనిపించేది. 1873లో గోల్జీ వెండి లవణాలతో ఒక రంజన (కణాలకు రంగు ఎక్కించే) పద్ధతి కనుగొన్నాడు. దాని విశేషమేమిటంటే, అది వందల కణాల్లో ఏ కొద్దింటికో మాత్రమే అంటుకుంటుంది, కానీ అంటుకున్న కణాన్ని కొమ్మలూ రెమ్మలతో సహా నల్లగా చూపిస్తుంది. అన్నీ కనిపిస్తే ఏదీ కనిపించదు గనుక ఆ లోపమే వరమైంది.

గోల్జీ మాత్రం ఆ కొమ్మలన్నీ ఒకదానితో ఒకటి అతుక్కుని అఖండమైన వలగా ఉన్నాయనే నమ్మాడు. 1887లో ఆ పద్ధతి స్పెయిన్‌లో కహాల్ కంట పడింది. ఆయన దాన్ని పిండదశలోని, పసి జంతువుల మెదడుపై ప్రయోగించాడు. అప్పటికి నాడుల చుట్టూ కొవ్వు పొర ఏర్పడదు గనుక రంగు బాగా పడుతుంది. ఒక్కో కణమూ విడిగా ఉందనీ, ఒకదాని కొస మరొకదానికి ఆని ఆగిపోతుందనీ ఆయన చూసి, చేత్తో బొమ్మలు గీశాడు. 1891లో వాల్డెయర్ ఆ కణాలకు న్యూరాన్లని, 1897లో షెరింగ్టన్ ఆ సంధికి సినాప్స్ అని పేరు పెట్టారు. 1906లో గోల్జీకీ కహాల్‌కూ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ వేదిక మీద గోల్జీ తన ఉపన్యాసాన్ని న్యూరాన్ సిద్ధాంతాన్ని ఖండించడానికే వాడుకున్నాడు. కణాల మధ్యనున్న ఖాళీ కంటికి కనిపించింది 1950లలో, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చాకే. కొన్నిచోట్ల కణాలు సన్నని మార్గాలతో నేరుగా కలిసి ఉంటాయని కూడా తరువాత తెలిసింది గనుక గోల్జీ మాటలోనూ పిసరంత నిజం మిగిలింది.

ఖాళీ ఉంటే సంకేతం ఎలా దాటుతుంది?

చాలావరకు రసాయనాల ద్వారా. ఆటో లోవీ అనే శాస్త్రవేత్తకు ఆ ప్రయోగం కలలో తట్టింది. అర్ధరాత్రి లేచి కాగితంపై గీకి పడుకుంటే తెల్లారాక తన రాత తనకే అర్థం కాలేదు. మరునాటి రాత్రి మళ్లీ తట్టగానే నేరుగా ప్రయోగశాలకు వెళ్లి, ఒక కప్ప గుండెకు వెళ్లే నాడిని ప్రేరేపించి, దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని మరొక కప్ప గుండెకు అందించాడు. రెండోది కూడా నెమ్మదించింది. 1921లో ప్రకటించిన ఆ పదార్థమే ఎసిటైల్‌కోలిన్.

మెదడు ఒక కంప్యూటరే కదా?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల ఊరిలో ఈ ప్రశ్న ప్రశ్నలా కాక తీర్పులా వినిపిస్తుంది. అలసిపోతే హ్యాంగ్ అయ్యామంటాము, మరచిపోతే ర్యామ్ చాలలేదంటాము. అయితే చరిత్రలో ఈ పోలిక మొదట ఎదురు దిక్కున నడిచింది. 1943లో మెకల్లక్, పిట్స్ న్యూరాన్లను తర్కంలోని అవును–కాదు ద్వారాలుగా భావించి ఒక పత్రం రాశారు. 1945లో ఫాన్ నాయ్‌మన్ కంప్యూటర్ నిర్మాణంపై రాసిన ప్రసిద్ధ ముసాయిదా ఉదహరించిన ఒకే ఒక్క ప్రచురిత పత్రం అదే. కాబట్టి కంప్యూటరును మెదడు గురించిన ఒక ఊహను బట్టి వర్ణించారనీ, ఆ తరువాత మెదడును కంప్యూటరును బట్టి వర్ణించడం మొదలైందనీ చెప్పడం న్యాయం.

తేడాలు చిన్నవి కావు. కంప్యూటరులో లెక్క చేసే చోటు వేరు, దాచే చోటు వేరు. మెదడులో లెక్క చేసే సినాప్సే మారుతూ జ్ఞాపకంగా నిలుస్తుంది. సుమారు 8,600 కోట్ల న్యూరాన్లున్న మెదడు దాదాపు 20 వాట్లతో, ఒక చిన్న బల్బుకు సరిపడే శక్తితో నడుస్తుంది. అయినా ఈ పోలికను నేను పారవేయను, ఎందుకంటే దాని నుంచి పుట్టిన కృత్రిమ నాడీజాలాలకు 2024లో హాప్‌ఫీల్డ్, హింటన్ భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్నారు. డెకార్ట్ నీటి గొట్టాల మాదిరి ఇది కూడా ప్రయోగాలు చేయించే పోలిక.

మెదడులో 10 శాతమే వాడుతామా? ‘మిడ్ బ్రెయిన్’ తరగతులకు పిల్లలను పంపవచ్చా?

10 శాతం మాట అబద్ధం. మన శరీర బరువులో 2 శాతం ఉండే మెదడు, శరీరం వాడే శక్తిలో ఇంచుమించు 20 శాతం తింటుంది, పని లేని అవయవాన్ని శరీరం అంత ఖర్చుతో పోషించదు. మనిషి తన సామర్థ్యంలో కొంతే వాడుతున్నాడని విలియం జేమ్స్ 20వ శతాబ్దం తొలినాళ్లలో రాసిన మాటకు తరువాతివారు శాతం తగిలించారు. ఇక మిడ్ బ్రెయిన్‌ను, అంటే మధ్యమెదడును మేల్కొలిపి కళ్లకు గంతలు కట్టి చదివిస్తామనే తరగతుల్లో పిల్లలు గంతల సందులోంచి చూస్తారు. మధ్యమెదడు ప్రతి పిల్లవాడికీ పుట్టుకతోనే పనిచేస్తూ ఉంటుంది, దాన్ని ఎవరూ డబ్బు తీసుకుని మేల్కొలపనక్కరలేదు.

ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు. ఇది పిల్లల మెదడుకు భారం కాదా?

20వ శతాబ్దం మొదటి సగంలో చాలామంది విద్యావేత్తలు భారమనే నమ్మేవారు. వలస వచ్చిన పేద పిల్లలను స్థానికులైన సంపన్నుల పిల్లలతో పోల్చడం వల్ల ఆ ఫలితం వచ్చింది. 1962లో మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ ఇద్దరూ సమాన స్థితిగతులున్న పిల్లలను తీసుకుని పరీక్షిస్తే రెండు భాషల పిల్లలే ముందున్నారు. 2013లో హైదరాబాదులో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు వ్యాధిగ్రస్తులను పరిశీలించింది. ఒకటికి మించిన భాషలు మాట్లాడేవారిలో ఆ వ్యాధి సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివారిలో కూడా ఆ తేడా కనిపించడం ఈ పరిశోధనకు ప్రత్యేకం. ఇతర దేశాల అధ్యయనాలన్నీ దీనితో ఏకీభవించలేదు, చర్చ సాగుతోంది. పిల్లలకు తెలుగు మాన్పించడానికి మాత్రం మెదడును సాకుగా చూపలేము.

బెంగళూరులో నిజమైన మెదడును చూడవచ్చా?

మానసిక, నాడీ వైద్య సంస్థ అయిన నిమ్హాన్స్ ఆవరణలోని మెదడు ప్రదర్శనశాలలో చూడవచ్చు. వెళ్లే ముందు సందర్శన వేళలు కనుక్కోవడం మంచిది. అక్కడి మెదళ్లు ఫార్మలిన్‌లో గట్టిపడినవి. ఈ పద్ధతి 1890లలో గాని రాలేదు కాబట్టి వెసాలియస్, విల్లిస్ వంటివారికి ఆ సదుపాయం లేదు. చెన్నైలోని ఐఐటీ మద్రాసు మెదడు కేంద్రం 2024లో గర్భస్థ శిశువుల మెదడును కణ స్థాయిలో చూపే ‘ధరణి’ అనే పటసంపుటిని అందరికీ అందుబాటులో ఉంచింది. ఇంట్లో కూర్చునే చూడవచ్చు.

ఆ సీసాలోని మెదడులో ఆ మనిషి జ్ఞాపకాలు ఇంకా ఉన్నాయా?

ఇది ఐదో తరగతి చదివే ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న, అందుకే చివరికి ఉంచాను. అమెరికాలో లాష్లీ దశాబ్దాల పాటు ఎలుకల మెదడులో జ్ఞాపకం ఉండే చోటును వెతికాడు. ఏ ముక్క తీసివేసినా జ్ఞాపకం పూర్తిగా పోలేదు, తీసివేసిన పరిమాణాన్ని బట్టి మసకబారింది. 1949లో హెబ్, కలిసి పనిచేసే కణాల మధ్య బంధం బలపడుతుందని ఊహించాడు. 1973లో బ్లిస్, లోమో కుందేలు మెదడులో సినాప్స్ అలా బలపడి గంటల కొద్దీ నిలవడం చూపారు. 2012లో టోనెగావా బృందం ఎలుకకు భయం కలిగినప్పుడు పనిచేసిన కణాలనే గుర్తించి, తరువాత వాటిపై కాంతి ప్రసరింపజేస్తే, భయపడే కారణం లేని చోట కూడా ఆ ఎలుక బిగుసుకుపోయింది.

కాబట్టి ఆ అమ్మాయికి నేను చెప్పింది ఇది: కణాల కొమ్మలూ, అవి ఆనుకున్న చోట్లూ ఫార్మలిన్‌లో కొంతవరకు నిలిచే ఉంటాయి, కానీ ఏ సంధి ఎంత బలమైనదో, ఏ వరుసలో మేల్కొంటే అది ఒక జ్ఞాపకమవుతుందో చదివే విద్య ఇంకా రాలేదు. 302 న్యూరాన్లే ఉన్న ఒక సన్నని పురుగు నాడీ పటం 1986లోనే పూర్తయింది. దాన్ని చూసి ఆ పురుగు ఇప్పుడు ఎటు తిరుగుతుందో పూర్తిగా చెప్పడం నేటికీ సాధ్యం కాలేదు.